బడి గంట, పల్లె పొద్దు: హాజరు నియమాలు ఎవరి కోసం?

బడి గురించి మనం మాట్లాడుకునేటప్పుడు టీచర్లు వస్తున్నారా, అన్నం పెడుతున్నారా, చదువు వస్తోందా అనే అడుగుతాం. పిల్లలు ఎన్నింటికి బడికి రావాలి, ఆలస్యమైతే ఏం చేస్తారు, సాయంత్రం పిల్లని ఎవరి చేతికి అప్పగించాలి, తల్లి గేటు దాటి లోపలికి రావచ్చా అనే ప్రశ్నలు చిన్నవిగా కనపడతాయి. కాని దళిత పిల్లలు బడికి దూరమయ్యేది ఈ చిన్న చిన్న మెట్ల మీదుగానే. ముందు ఆలస్యం. తర్వాత వారానికి రెండ్రోజుల గైరుహాజరు. ఆ తర్వాత రిజిస్టర్లో వరసగా గీతలు. కొన్నాళ్ళకి పేరే వుండదు. అప్పుడు "వీళ్ళకి చదువు మీద శ్రద్ధ లేదు" అని వూరు తేల్చేస్తుంది. ఆ తీర్పు వెనక పనిచేసే నియమాలేమిటో, చట్టం నిజంగా ఏం చెప్తోందో దాచేపల్లి ప్రాంతాన్ని ముందు పెట్టుకుని ఇక్కడ వివరించాలనుకుంటున్నాం.

రెండు కాలెండర్లు

దాచేపల్లి ఒకప్పుడు గుంటూరు జిల్లాలో వుండేది. 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు జిల్లాలో వుంది. పక్కన నాగులేరు, దగ్గర్లో నడికుడి జంక్షను, మధ్యలోంచి పోయే అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు. 1967లో సాగర్ కాలవలకి నీళ్ళు వదిలాక పల్నాడు వ్యవసాయం మారింది. పత్తి, మిరప పెరిగాయి. ఈ రెండు పంటలకీ కావలసింది చేతులు. అందులోనూ ఆడవాళ్ళ చేతులు. పత్తి తీతలు అక్టోబరు, నవంబరులో మొదలై సంక్రాంతి దాటిందాకా సాగుతాయి. మిరప కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా విడతలు విడతలుగా నడుస్తాయి. కోత అయ్యాక కల్లంలో ఆరబోత, తాలు ఏరడం. అంటే ఏడాదిలో ఆరు నెలలు తల్లి తెల్లారకముందే లేచి వండి, ముఠాతో పాటు ఆటో ఎక్కాలి. పొద్దు వాలాకే ఇల్లు చేరుతుంది.

బడి కాలెండరు వేరు. జూన్ 12 ప్రాంతంలో తెరిచి ఏప్రిల్ ఆఖరు వారానికి ముందే మూస్తారు. ఉదయం తొమ్మిది ప్రాంతంలో గంట కొడతారు. మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడి. ఆంధ్రప్రదేశ్‌లో దాని వేళలు మామూలుగా ఉదయం 7.45 నుంచి మధ్యాహ్నం 12.30 దాకా. ఈ రెండు కాలెండర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. తల్లి ఇంట్లో లేని నెలల్లోనే పిల్లల్ని పొద్దున్నే తయారుచేసి పంపాలి. మిరప కోతలు ముమ్మరంగా వున్న రోజుల్లోనే పిల్లలు మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తారు. తాళం వేసిన ఇంటికి ఎండలో వచ్చిన ఏడేళ్ళ పిల్ల ఎక్కడికి పోవాలి? పనికి పోయిన తల్లి దగ్గరికే పోతుంది. చేనుకు పోయిన పిల్ల చేతికి ఎవరో ఒకరు బుట్ట ఇస్తారు.

పొలం వున్నవాళ్ళ పిల్లలకి ఈ చిక్కు లేదు. వాళ్ళు ప్రైవేటు బడికి బస్సులో పోతారు, బస్సులో వస్తారు, ఇంట్లో ఎవరో ఒకరు వుంటారు. బడి గంట అందరికీ ఒకటే. దాన్ని అందుకునే సావకాశం మాత్రం కులాన్నీ భూమినీ బట్టి వుంటుంది.

గేటు చరిత్ర

మనకి బడి గేటు కొత్త సమస్య కాదు. బడి లోపలికి రానివ్వడమే ఒక పోరాటంగా గడిచింది. పల్నాడులో లూథరన్ మిషనరీ హేయర్ 1849లో గురజాల చేరాడు. ఆ తర్వాతి కాలంలో మాల, మాదిగ పల్లెల్లో నడిచిన మిషన్ బళ్ళే మనవాళ్ళకి అక్షరం చూపించాయి. వూరి బడిలో చోటు లేదు కనుక పల్లెలోనే బడి పెట్టాల్సి వచ్చింది. 1893లో మద్రాసు ప్రభుత్వం పంచముల చదువు కోసం ప్రత్యేకంగా ఉత్తర్వు ఇచ్చింది. అయినా వూరి బడి తలుపు అంత తేలిగ్గా తెరుచుకోలేదు. అంబేద్కర్ తన చిన్ననాటి బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చున్నాడని, నౌకరు వచ్చి పోస్తే తప్ప మంచినీళ్ళు లేవని మనకి తెలుసు. అంటే లోపలికి వెళ్ళాక కూడా గేటు లోపలే ఇంకో గేటు వుంది.

1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటరానితనం పేరుతో విద్యాసంస్థలో చేర్చుకోకపోవడాన్ని నేరం చేసింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, దళితుల్ని విద్యాసంస్థలోకి రాకుండా అడ్డుకోవడాన్ని స్పష్టంగా నేరాల జాబితాలో చేర్చింది. గేటు దగ్గర ఆపిన ప్రతిసారీ ఇది వర్తించదు. కులం కారణంగా ఆపారని చూపించాలి. వూరి రైతుని కుర్చీలో కూర్చోబెట్టి, అదే పూట పల్లె తల్లిని ఎండలో నిలబెడితే, ఆ తేడాని తేదీతో, సాక్షులతో సహా రాసి పెట్టుకోవడం అందుకే అవసరం.

హాజరు: బాధ్యత ఎవరిది?

2002లో 86వ రాజ్యాంగ సవరణ 21ఎ అధికరణాన్ని తెచ్చింది. దాన్ని అమలు చేసే విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో వుంది. అందులో మనం గట్టిగా పట్టుకోవాల్సింది 8వ సెక్షను. 'నిర్బంధ విద్య' అంటే ఆ చట్టం దృష్టిలో తల్లిదండ్రుల్ని నిర్బంధించడం కాదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరి చేరిక, హాజరు, చదువు పూర్తి, ఈ మూడింటికీ ప్రభుత్వమే పూచీపడటం. 10వ సెక్షను పిల్లల్ని బడిలో చేర్చే బాధ్యత తల్లిదండ్రుల మీద పెట్టింది గాని, శిక్ష ఏదీ పెట్టలేదు. అందుచేత "మీ వాడు రావట్లేదు, మేమేం చేస్తాం" అని బడి చేతులు దులుపుకోవడానికి లేదు. ఎందుకు రావట్లేదో కనుక్కోవడం కూడా బడి పనే. పిల్లల హాజరు, చదువు ఎలా వున్నాయో తల్లిదండ్రుల్ని పిలిచి చెప్పడం 24వ సెక్షను ప్రకారం టీచరు విధి. టీచరు వేళకి రావడం కూడా అదే సెక్షన్లో వుంది. వేళల నియమం పిల్లలకొక్కళ్ళకే లేదు.

ఒకటి నుంచి అయిదో తరగతి దాకా ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు వుండాలని చట్టం షెడ్యూలు చెప్తుంది. ఇక్కడ డబ్బు లెక్క ఒకటి వచ్చి కలిసింది. 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి పథకం తల్లులకి ఏటా 15,000 రూపాయలు ప్రకటించింది. 2022 నాటికి 75 శాతం హాజరు షరతు గట్టిగా అమలైంది. 2025 జూన్‌లో తల్లికి వందనం పేరుతో వచ్చిన పథకానికీ ఈ షరతు వుంది. 200 రోజుల్లో 75 శాతమంటే 150. యాభై రోజులకి మించి మానితే డబ్బు పోతుంది. ఎక్కువ కోతలకి పోయే కుటుంబమే ఎక్కువ పేదది. ఎక్కువ పేద కుటుంబమే షరతు దగ్గర జారిపోతుంది. అందుకని హాజరు రిజిస్టరు ఇప్పుడు పల్లె తల్లికి బాంకు పుస్తకమంత ముఖ్యమైంది. నెలాఖరున తన బిడ్డకి ఎన్ని రోజులు పడ్డాయో అడిగి రాయించుకోవాలి. ఏడాది చివర్లో పేరు రాలేదని ఏడిస్తే లాభం లేదు.

రిజిస్టర్లో పేరు కొట్టేయడం ఇంకో సంగతి. ప్రాథమికోన్నత చదువు పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ బడి నుంచి తీసేయకూడదని 16వ సెక్షను. 2019 సవరణ అయిదు, ఎనిమిది తరగతుల్లో ఆపడానికి వీలిచ్చింది గాని, తీసేయడానికి ఇవ్వలేదు. మూడు నెలలు కోతలకి పోయి వచ్చిన పిల్లవాడు తిరిగి బడికొస్తే కూర్చోబెట్టాల్సిందే. వయసుకి తగ్గ తరగతిలో చేర్చి, వెనకబడిన చదువుకి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షను.

కర్నూలు పడమటి మండలాల నుంచి పత్తికీ మిరపకీ గుంటూరు, పల్నాడు చేలకి పిల్లలతో సహా వలస వచ్చే కుటుంబాల సంగతీ ఇక్కడే చెప్పాలి. వలస కుటుంబాల పిల్లల్ని చేర్చుకోవడం స్థానిక సంస్థ విధి అని 9వ సెక్షను. టీసీ రాలేదని, ఆలస్యమైందని 5వ సెక్షను ప్రకారం తిప్పి పంపకూడదు. వయసు కాయితం లేదని కూడా కుదరదు, అది 14వ సెక్షను. చేను గట్టున గుడారం వేసుకున్న పిల్లలు దాచేపల్లి పిల్లలే అన్నట్టు చూడాలి.

రాక: ఆలస్యానికి శిక్ష

ఆలస్యంగా వచ్చినవాళ్ళని గేటు బయట వుంచడం, ఎండలో నిలబెట్టడం, బెంచీ ఎక్కించడం చాలాచోట్ల మామూలు అలవాటు. దేహదండన, మానసిక హింస రెండూ 17వ సెక్షను కింద నిషేధం. తల్లి పొలానికి పోతే తమ్ముణ్ణి అంగన్‌వాడీలో దింపి వచ్చే ఆడపిల్ల పావుగంట ఆలస్యమవుతుంది. ఆమెని నిలబెడితే రేపు ఆలస్యంగా రాదు, అసలు రాదు.

రెండోది, తొందరగా రమ్మనడం. తరగతి వూడవడానికి, నీళ్ళు మోయడానికి, దొడ్లు కడగడానికి పల్లె పిల్లల్ని ముందే పిలవడం మన బళ్ళ పాత రోగం. అమ్మ ఒడి కాలంలో మరుగుదొడ్ల నిర్వహణ కోసమని తల్లి డబ్బులోంచి వెయ్యి తగ్గించారు. 2022లో బడి నిర్వహణకి మరో వెయ్యి కలిపారు. 2025లోనూ 15,000లో 2,000 బడి నిర్వహణకే పక్కన పెట్టి 13,000 వేశారు. తల్లి దగ్గర డబ్బు తీసుకుని బిడ్డ చేత కడిగించే హక్కు ఎవరికీ లేదు. ఈ ఒక్క మాట ప్రతి తల్లికీ తెలియాలి.

మూడోది, దూరం. 2022 జూన్‌లో వచ్చిన 117వ నంబరు జీవోతో చాలాచోట్ల 3, 4, 5 తరగతుల్ని ప్రాథమిక బడి నుంచి హైస్కూలుకి కలిపారు. పల్లె పక్కన వున్న బడికి నడిచిపోయే ఎనిమిదేళ్ళ పిల్ల పెద్ద రోడ్డు దాటాల్సి వచ్చింది. 2025లో ఆ జీవోని రద్దు చేసి బళ్ళని మళ్ళీ సర్దారు. ఏ సర్దుబాటు జరిగినా, లారీలు తిరిగే రోడ్డు దాటి పిల్లలు ఎలా వస్తారన్నది ముందు అడగాల్సిన ప్రశ్న.

ఇంటికి పంపడం: ఎవరి చేతికి?

పెద్ద ప్రైవేటు బళ్ళలో పిల్లని తీసుకుపోయేవాళ్ళ పేర్లు ముందే రాసిస్తారు. మన బళ్ళలో గంట కొడితే పిల్లలు పరిగెడతారు, అంతే. మధ్యాహ్నం ఎవరో వచ్చి "వాళ్ళమ్మ రమ్మంది" అంటే పంపేస్తారు. ఆ వచ్చింది మేస్త్రి కావచ్చు, చేను గల ఆసామి మనిషి కావచ్చు. ఆడపిల్లకి పెళ్ళి కుదిర్చే బంధువూ కావచ్చు. తల్లి, తండ్రి, లేదా వాళ్ళు పేరు రాసిచ్చిన మనిషి వస్తే తప్ప బడి వేళలో పిల్లని పంపకూడదన్న నియమం పల్లె పిల్లలకే ఎక్కువ అవసరం. ఈ నియమం కోసం మనమే పట్టుబట్టాలి.

1986 బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. సొంత కుటుంబ వృత్తిలో, అదీ ప్రమాదకరం కాని పనిలో, బడి వేళల తర్వాత, సెలవుల్లో సాయం చేయొచ్చని ఒక సందు వుంచారు. ఆ సందు చూపించి కోతలకి తీసుకుపోవడం కుదరదు. ఆసామి మిరపచేను మన కుటుంబ వృత్తి కాదు. అక్కడ మనం కూలీలం. బడికి రాని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అని ఎమ్.వి. ఫౌండేషన్ 1990ల నుంచి రంగారెడ్డి జిల్లా అనుభవంతో వాదించింది. ఒంటిపూట బడి రోజుల్లో 12.30 తర్వాత పిల్లలకి నీడ, మంచినీళ్ళు, చూసే మనిషి లేకపోతే ఆ వాదన మన దగ్గర కాయితం మీదే మిగిలిపోతుంది.

గేటు దగ్గర తల్లి

'అనుమతి లేనిదే బయటివారు లోనికి రాకూడదు' అన్న బోర్డు పిల్లల రక్షణకి మంచిదే. అయితే తల్లి బయటి మనిషి కాదు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం బడి నిర్వహణ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే వుండాలి. సభ్యుల్లో సగం ఆడవాళ్ళు. బలహీన, వంచిత వర్గాల తల్లిదండ్రులకి వాళ్ళ సంఖ్యని బట్టి చోటు. బడి పనితీరు చూడటం, నిధుల ఖర్చు చూడటం ఆ కమిటీ పని. చాలాచోట్ల పల్లె తల్లి పని సంతకం దాకానే. వాళ్ళు చెప్పినచోట వేలిముద్ర వేసి వస్తుంది. చైర్మన్ కుర్చీలో మనిషి వున్నా, నిర్ణయం చేసేది వూరి పెద్దే.

సమావేశం వేళ కూడా నియమమే. రాష్ట్రమంతటా 2024 డిసెంబరు 7న, తిరిగి 2025 జూలై 10న తల్లిదండ్రుల, టీచర్ల పెద్ద సమావేశాలు జరిపారు. తల్లుల్ని బడిలోకి పిలవడం మంచి పని. కాని మొదటిది పత్తి తీతల నెలలో పడింది. పగటిపూట సమావేశమంటే కూలి తల్లికి ఆ రోజు కూలి పోవడమే. రానివాళ్ళ పేర్లు చూసి శ్రద్ధ లేదనే ముందు ఆ కూలి ఎవరు ఇస్తారో అడగాలి.

బడిలోకి పోయిన తల్లి చూడాల్సింది ఇంకోటి వుంది. అది చేరిక రిజిస్టరు. పల్నాడులో మనవాళ్ళలో చాలామందికి క్రైస్తవ పేర్లుంటాయి. పేరు చూసి మతం గడిలో ఏదో ఒకటి రాసేయడం జరుగుతుంది. 1950 షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారినవాళ్ళకి ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో వాళ్ళని బీసీ–సి కింద లెక్కిస్తారు. ఆ ఒక్క గడి రేపు గురుకులం సీటు దాకా, ఉద్యోగం దాకా వెంట వస్తుంది. కుటుంబం చెప్పినదే రాశారో లేదో మొదటిరోజే చదివించుకుని చూడాలి.

చేయదగ్గ పనులు

నియమాలు వద్దనడం మా వుద్దేశం కాదు. పొద్దుతో బతికే కుటుంబాన్ని కూడా లెక్కలోకి తీసుకుని వాటిని రాయమంటున్నాం. కార్యకర్తలు, టీచర్లు, విద్యార్థులు ఈ పనులు చేయవచ్చు.

1. హాజరు, వేళలు, పిల్లల్ని పంపే పద్ధతి, తల్లిదండ్రులు వచ్చే పద్ధతి తెలుగులో రాసి గేటు దగ్గర పెట్టించాలి. చదవలేని తల్లులకి పల్లెలో చదివి వినిపించాలి.

2. కమిటీ సమావేశాలు కోతల నెలల్లో సాయంత్రం, పల్లెలోనే జరపమని తీర్మానం చేయించాలి.

3. ఒంటిపూట రోజుల్లో మధ్యాహ్నం బడి వరండా తెరిచి వుంచి, ఒక మనిషిని పెట్టమని నగర పంచాయతీని, మండల విద్యాశాఖాధికారిని అడగాలి.

4. వరసగా వారం రాని పిల్లల జాబితా తీసుకుని ఇంటికి వెళ్ళాలి. కారణం రాయాలి. ఆ కాయితాల మీదే రేపు మన వాదన నిలబడుతుంది.

5. అన్యాయం జరిగితే నోటిమాటతో వదలకుండా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకోవాలి. 32వ సెక్షను ప్రకారం స్థానిక సంస్థ మూడు నెలల్లో తేల్చాలి. రికార్డులు చూడాలంటే 2005 సమాచార హక్కు చట్టం వుంది.

గురుకులాల ప్రవేశం అయిదో తరగతి నుంచి. ఆ మెట్టు దాకా పిల్లని చేర్చేది వూళ్ళో వున్న ఈ చిన్న బడే. ఆ నాలుగేళ్ళ హాజరు కాపాడుకోగలిగితే మన పిల్లలు తర్వాతి మెట్లు ఎక్కగలరు.