రొమ్ములో గడ్డ: కోయించాలా, కనిపెట్టి ఉండాలా?

స్నానం చేస్తుండగా చేతికి గోలీకాయంత గడ్డ తగులుతుంది. నొప్పి ఉండదు. నొక్కితే పక్కకు జారిపోతుంది. పెళ్ళికెదిగిన అమ్మాయి ఈ మాట తల్లితో చెప్పడానికే నెలలు పడుతుంది. తల్లి విన్న మరుక్షణం రెండు భయాలు: కేన్సరేమో! కాకపోయినా, కోస్తే మచ్చపడి రేపు సంబంధానికి అడ్డొస్తుందేమో!

ఈ వయసులో ఇలాంటి గడ్డ చాలావరకు ఫైబ్రోఎడినోమా. 15 నుంచి 35 ఏళ్ళ స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుంది. ఇది కేన్సరు కాదు. అయితే చేత్తో తడిమి చూసినంత మాత్రాన ఆ మాట చెప్పకూడదు. డాక్టరు పరీక్ష, అల్ట్రాసౌండు స్కానింగు, అవసరమైతే సూదితో చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ - అన్నీ ఒకే మాట చెప్పాలి. 40 దాటినవారికి మామోగ్రాం కూడా కావాలి. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా నిర్ధారణ కానట్టే.

పరీక్షలన్నీ ఏకీభవించి, గడ్డ చిన్నదైతే తొందరపడి కోయించనక్కరలేదు. 6 నెలలకు, ఏడాదికి, రెండేళ్ళకు స్కానింగు తీయించి కొలతలు పోల్చి చూడాలి. చాలా గడ్డలు పెరగకుండా ఉండిపోతాయి. కొన్ని వాటంతటవే తగ్గుతాయి. స్కానింగులో అన్నీ మంచి లక్షణాలే ఉన్నప్పుడు కేన్సరు బయటపడే అవకాశం నూటికి రెండుకు మించదు. అనవసరంగా కోస్తే మచ్చ మాత్రం మిగులుతుంది.

మరి ఎప్పుడు తీయించాలి? గడ్డ 3 సెంటీమీటర్లు దాటినా, త్వరత్వరగా పెరుగుతున్నా, బాధపెడుతున్నా, బయాప్సీలో సందేహం ఉన్నా సర్జనుతో ఆపరేషను సంగతి మాట్లాడండి. ఫిల్లోడిస్ అనే మరో కణితి మొదట అచ్చం ఇలాగే ఉండి, వేగంగా పెరుగుతుంది. దాన్ని పూర్తిగా తీయకపోతే మళ్ళీ రావచ్చు. గడ్డ ఉందన్న దిగులుతో నిద్రపట్టనివారు తీయించుకున్నా తప్పులేదు. చిన్న గడ్డయితే సాధారణంగా అదే రోజు ఇంటికి పంపుతారు.

కనిపెట్టి ఉండడమంటే మరచిపోవడం కాదు. పాత రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టి ప్రతిసారీ వెంట తీసుకువెళ్ళండి. గర్భంతో ఉన్నప్పుడు గడ్డ పెరగవచ్చు గనుక ముందే డాక్టరుకు చెప్పండి. చర్మం సొట్టపడినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, చంకలో గడ్డ తగిలినా గడువు దాకా ఆగవద్దు. పసరు కట్లతో, నూనె మర్దనలతో ఈ గడ్డ కరగదు. విలువైన కాలం పోతుంది.

తల్లులకు ఒక మాట. సంబంధం కోసం గడ్డను దాచవద్దు. సంబంధం కోసమే కోయించనూ వద్దు. డాక్టరు చెప్పేది అమ్మాయినే స్వయంగా విననివ్వండి. శరీరం ఆమెది. ఆమె మాట కూడా అడగండి.