చెక్క మీద ప్రళయం

బ్రహ్మంగారి కాలజ్ఞానం చెవిన పడని పిల్లలు మా కలిగిరి పక్క ఉండరు. కొండలకవతల కడప సీమలోనే కదా ఆయన కందిమల్లాయపల్లె! ప్రళయం వస్తుందన్న ఇలాంటి భయమే ఐరోపా జనానికీ ఉండేదర్రా. బైబిల్లో ఆఖరిది ప్రకటన గ్రంథం. సూర్యుడు నల్లబడతాడు, చంద్రుడు నెత్తురు రంగుకు తిరుగుతాడు, చుక్కలు రాలతాయి అని అందులో ఉంది. 1500వ సంవత్సరం దగ్గరపడేకొద్దీ లోకం ముగిసిపోతుందేమోనని చాలామంది బెదిరిపోయారు. ఆ రోజుల్లోనే, 1498లో, జర్మనీలోని నురెంబర్గ్‌లో ఆల్బ్రెక్ట్ డ్యూరర్ అనే 27 ఏళ్ల చిత్రకారుడు ఆ దర్శనాలన్నిటినీ 15 చెక్క అచ్చుల్లోకి దింపి పుస్తకం వేశాడు.

అందులో నలుగురు రౌతుల బొమ్మ ఉంది. ఒకడి చేతిలో విల్లు, ఒకడి చేతిలో కత్తి, మూడోవాడి చేతిలో తక్కెడ. నాలుగోది మృత్యువు, ఎముకలు తేలిన బక్క గుర్రం మీద. డెక్కల కింద జనం బోర్లాపడుతున్నారు. కింద ఎడమ మూలన ఒక రాకాసి నోరు ఓ గొప్పవాణ్ణి మింగుతోంది. బొమ్మ ఎత్తు 39 సెంటీమీటర్లు, అంతే. అందులో రంగన్నది లేదు. గుర్రం కడుపు గుండ్రంగా కనబడాలంటే పక్కపక్కనే సన్నగీతలు, నీడ కావాలంటే ఆ గీతలే ఇంకాస్త దగ్గరగా.

ఇక్కడే అసలు విద్య ఉంది. ఉలి తీసేసిన చోటు తెల్లగా మిగులుతుంది, తియ్యకుండా వదిలిన చోటే నల్లగా పడుతుంది. అంటే గుర్రం తోకలోని ఒక్కో వెంట్రుక కోసం అటూ ఇటూ చెక్కను తొలిచి, మధ్యలో సన్న గట్టు నిలబెట్టాలి. కాగితం మీద బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతుంది కాబట్టి చెక్క మీద తిరగేసి గియ్యాలి.

అంత సన్న గట్టు విరగకుండా నిలవాలంటే కర్ర బాగుండాలి. వాళ్లు వాడింది బేరి కర్ర. దాని రంధ్రాలు చాలా చిన్నవి, చెక్కంతా ఒకే తీరుగా పరుచుకుని ఉంటాయి. మన పెడన కలంకారీ అచ్చులకు వాడేది టేకు. టేకులో ఏటా మొదట్లో పెరిగే వలయాల దగ్గర రంధ్రాలు పెద్దవి, అందుకని వెంట్రుకంత గీత దానికి కష్టం. కానీ టేకులో సహజంగానే నూనె ఉంటుంది, తడి రంగుల్లో రోజంతా మునిగి లేచినా త్వరగా వంకర పోదు. ఏ పనికి ఆ కర్ర. మన ఉదయగిరిలో చెక్క స్పూన్లు చేసేవాళ్లకు ఇది పుట్టుకతో వచ్చిన లెక్క. నర్ది, బిక్కి లాంటి అడవి కర్రల్ని చేత్తో పట్టుకునే గుణం చెబుతారు. వాళ్ల ముందు కూర్చున్న పిల్లవాడికి కర్ర గురించి తెలిసినంత ఏ పాఠమూ చెప్పలేదని నా నమ్మకం.

మరో సంగతి. బొమ్మల చెక్క అచ్చులోనూ, మాటలు అచ్చేసే సీసపు అక్షరంలోనూ సిరా అంటేది ఎత్తుగా ఉన్న భాగానికే. అందుకని రెండూ ఒకే అచ్చుయంత్రం కింద నడుస్తాయి. నీళ్ల సిరా లోహం మీద ముత్యాల్లా జారిపోతుంది కాబట్టి అవిసె నూనెలో మసి కలిపి రాసేవారు. ఒక్క చెక్కతో వందల ప్రతులు తీయొచ్చు. ఆ భయం ఊరూరా తిరిగిందంటే ఈ సదుపాయం వల్లే.

మరి చంద్రుడు ఎర్రబడటం నిజమేనా? నిజమే, అది చంద్రగ్రహణం. భూమి అడ్డొచ్చినా, మన గాలి పొర గుండా వంగిన కాస్త సూర్యకాంతి చంద్రుణ్ణి చేరుతుంది. దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. రాలే చుక్కలు చుక్కలే కావు, చాలావరకు ఇసుక రేణువులంత తునకలు, దాదాపు వంద కిలోమీటర్ల ఎత్తులో గాలిని ఢీకొని మండిపోతాయి.

2025 సెప్టెంబరు 7 రాత్రి మన దేశం నుంచి ఎర్ర చంద్రుడు కనిపించాడు. అప్పుడు నిద్రపోయినవాళ్లు 2028 డిసెంబరు 31 గుర్తుపెట్టుకోండి. ఆ రాత్రి పది దాటాక పిల్లల్ని మిద్దె మీదికి తీసుకెళ్లండి. అద్దాలు అక్కర్లేదు, ఉత్త కళ్లతోనే చూడొచ్చు.