జ్యూరీ ఉండదు.. తీర్పు మాత్రం బతుకుదెరువు మీదే!

కాలిఫోర్నియాలో ఓ నర్సు మీద ఫిర్యాదు వచ్చిందనుకోండి. లైసెన్సు రద్దు చేయాలంటుంది నర్సింగ్ బోర్డు. మరి ఆమె మాట వినేదెవరు? అడ్మినిస్ట్రేటివ్ లా జడ్జి. 1945 నాటి చట్టంతో మొదలైన వ్యవస్థ ఇది. జడ్జి బోర్డు మనిషి కాదు, వేరే ప్రభుత్వ ఆఫీసు నుంచి వస్తారు.

ఈ సీటు దక్కాలంటే? ఏ డిగ్రీ చేసినా ఫర్వాలేదు, బీటెక్ అయినా సరే. ఆపైన లా చదివి, బార్ పరీక్ష పాసవ్వాలి. అక్కడ లాయర్‌గా కనీసం 5 ఏళ్లు నిండాలి. మామూలు కోర్టు జడ్జికైతే 10 ఏళ్లు కావాలి. ఎన్నికలుండవు. దరఖాస్తు, పరీక్ష, ఇంటర్వ్యూ.. అంతే.

అసలు ట్విస్ట్ ఇక్కడుంది. విచారణ ముగిశాక 30 రోజుల్లో జడ్జి రాసేది 'ప్రతిపాదిత తీర్పు' మాత్రమే. మా సాఫ్ట్‌వేర్ భాషలో పుల్ రిక్వెస్ట్! నచ్చితే బోర్డు ఆమోదిస్తుంది, లేదంటే తిరస్కరిస్తుంది. కానీ సాక్షుల్ని ఎదురుగా చూసింది జడ్జే. అందుకే ప్రతి కారణాన్నీ గట్టిగా రాయాలి. ఆ నర్సు రేపు కోర్టుకెళ్లినా ఈ విచారణ రికార్డే ఆధారం.

ఈ దారి ఎంచుకునేవాళ్లకి వాదించడం వస్తే చాలదు. ఇద్దరి మాటా ఓపిగ్గా విని, ఓడినవాళ్లకీ అర్థమయ్యేలా రాయడం రావాలి.