బొమ్మ కింద పేరు

మా ఊళ్ళో ఎవరైనా "ఏం చదివావమ్మా?" అనడిగితే "క్యూరేటింగ్ అండీ, ఇప్పటి కళల మీద" అంటాను. "అంటే బొమ్మలు గీస్తావా?" గీయను. "పోనీ అమ్ముతావా?" అమ్మను. "మరి?" దగ్గర మా నాన్నగారు కల్పించుకుంటారు. రాజమండ్రిలో ఆయనది ఫోటో ఫ్రేముల షాపు. "ఏ బొమ్మ ఏ బొమ్మ పక్కన పెట్టాలో చదివిందండీ, ఆయ్" అంటారు. అందులో వెటకారం ఎంతో, మురిపెం ఎంతో నేను తూచలేదు గానీ, మాట మాత్రం ఖాయం. రెండేళ్ల పీజీలో మేం చదివిందాంట్లో సగం అదే.

మిగతా సగం ఏమిటంటే: ఎందుకు పక్కన పెట్టావు, ఎవరు చూడాలని పెట్టావు, కింద చీటీ మీద ఎవరి పేరు రాశావు.

ఎగ్జిబిషన్‌కి వెళ్లినవాళ్లం బొమ్మలే చూస్తాం. వాటిని ఎంచినవాళ్లు, ఇచ్చేవాళ్లని ఒప్పించినవాళ్లు, ఇన్సూరెన్సు కట్టించినవాళ్లు, మొదటి గదిలో ఏది ఉండాలో వారం రోజులు తగువులాడినవాళ్లు కనపడరు. పాతకాలంలో క్యూరేటర్ అంటే మ్యూజియంలో సరుకుకి కాపలాదారు, పండితుడు. ఆ పని రూపు మారిన సందర్భాల్లో అందరూ చెప్పుకునేది 1969లో స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో జరిగిన ఒక ప్రదర్శన. హరాల్డ్ జీమన్ అనే ఆయన పూర్తయిన బొమ్మల్ని తెచ్చి తగిలించకుండా, కళాకారుల్నే పిలిచి అక్కడే పని చెయ్యమన్నాడు. ఒకాయన కరిగించిన సీసం గోడ మొదట్లో చిమ్మాడు. ఇంకొకాయన బయట కాలిబాటని ఇనుప గుండుతో బద్దలుకొట్టాడు. ఊరు గోలెత్తింది. ఆ ఏడే జీమన్ అక్కడి కొలువు వదిలేసి, ఏ మ్యూజియానికీ చెందకుండా దేశాలు తిరిగి ప్రదర్శనలు కట్టే మనిషయ్యాడు. ఆ తోవ పడ్డాక, దాన్ని నేర్పే బడులూ వచ్చాయి. ఫ్రాన్సులో గ్రెనోబుల్‌లో 1987లో, లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో 1992లో, అమెరికాలో బార్డ్ కాలేజీలో 1994లో.

మన దేశంలో ఈ పేరుతోనే పీజీలు తక్కువ. ఎక్కువమంది కళాచరిత్ర మీదుగా వస్తారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూలు, ఢిల్లీ జేఎన్‌యూలో స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ ఈస్థటిక్స్, 1950 నుంచి నడుస్తున్న బరోడా ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ, అక్కడి మ్యూజియాలజీ విభాగం - ఇవి పాత దారులు. ముంబైలో భావు దాజీ లాడ్ మ్యూజియం ఆధునిక భారతీయ కళ, క్యూరేటింగ్ కలిపి పీజీ డిప్లొమా పెట్టింది. 2012లో మొదలైన కొచ్చి బినాలే అన్నిటికన్నా పెద్ద బడి అని నా అభిప్రాయం. పాత గోదాముల్లో, సుగంధద్రవ్యాల కొట్లలో కళని పెడితే ఆటో నడిపేవాళ్లూ, చేపలు పట్టేవాళ్లూ వచ్చి చూసి తీర్పులు చెప్పారు. ఆర్ట్ కాలేజీల పిల్లల కోసం అక్కడే స్టూడెంట్స్ బినాలే కూడా పెట్టారు. క్లాసురూములో నేర్చుకోలేనిది ఆ ఎండలో తెలుస్తుంది.

ఇక మా క్లాసురూము సంగతి. మొదటి నెలంతా కొలతలే. బొమ్మ నడిమిభాగం నేల నుంచి 57 అంగుళాల దగ్గర ఉండాలన్నది చాలా మ్యూజియాల లెక్క, నిలబడ్డ మనిషి కంటికి అందేలా. మా నాన్నగారి లెక్క వేరు. దేవుడి పటమైతే గుమ్మం మీద, పోయినవాళ్ల ఫోటో అయితే అంతకన్నా ఎత్తున తాడుతో ముందుకు వంచి. చూసేవాడు తలెత్తాలి, పటం కిందికి చూడాలి. అదీ క్యూరేటింగే కదా అని క్లాసులో అంటే నవ్వారు గానీ, ఆ మాట మీద ఒక సెమినారు పేపరు రాయించారు.

తర్వాత వెలుతురు. కాగితం మీద నీటిరంగులకి 50 లక్స్ మించకూడదు. తైలవర్ణానికైతే 200 దాకా పరవాలేదు. ఎండ తగిలి వెలిసిన రంగు మళ్లీ రాదు, ఇవాళ కొంచెం రేపు కొంచెం పోగవుతూనే ఉంటుంది. గాలిలో తేమ యాభై శాతం చుట్టుపక్కల నిలకడగా ఉండాలి. ఆగస్టులో గోదావరి ఎర్రగా పొంగినప్పుడు మా ఇంటి గాలిని పిండితే నీళ్లు కారతాయి! మా షాపులో గ్లాసుకి అంటుకుపోయిన పెళ్లి ఫోటోలు ప్రతి వానాకాలం వస్తాయి. గ్లాసుకీ కాగితానికీ మధ్య మౌంటు బోర్డు సందు ఇవ్వకపోతే అంతే. వెనక కొట్టే మామూలు హార్డ్‌బోర్డు ఏళ్లు గడిస్తే కాగితాన్ని గోధుమరంగుకి తిప్పుతుంది. యూరప్ పుస్తకాల్లో రాసిన నియమాలన్నీ ఏసీ ఆగని ఊళ్ళ కోసం రాసినవి. డెల్టాలో ప్రదర్శన పెట్టేవాడు ముందు కరెంటు కోతల లెక్క వేసుకోవాలి.

ఇదంతా నేను మా ఊరి బొమ్మల్ని మనసులో పెట్టుకునే నేర్చుకున్నాను. దామెర్ల రామారావు పేరు రాజమండ్రిలో వినని వాళ్లుండరు. గోదావరి గట్టు మీద ఆయన పేరుతో ఉన్న ప్రభుత్వ ఆర్ట్ గ్యాలరీ లోపలికి వెళ్లినవాళ్లు ఎంతమంది అన్నది వేరే సంగతి. 1897లో పుట్టాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే, తనూ చిత్రకారుడే, ఈ కుర్రాడి చెయ్యి చూసి బొంబాయి జేజే స్కూలు దారి పట్టించాడు. ఆ కూల్డ్రే దగ్గరే అడివి బాపిరాజు కూడా తయారయ్యాడు. రామారావు చదువయ్యాక బొంబాయిలో ఉండిపోలేదు. ఊరికి తిరిగొచ్చి చిత్రకళా పాఠశాల పెట్టాడు. 1924లో లండన్ వెంబ్లీ ఎగ్జిబిషన్‌కి ఆయన బొమ్మలు వెళ్లాయి. మరుసటి ఏడు ఫిబ్రవరిలో మశూచితో పోయాడు. 28 ఏళ్లు నిండలేదు.

అప్పుడు జరిగిందే నాకు ఈ చదువులో అన్నిటికన్నా పెద్ద పాఠం. స్నేహితుడు వరదా వెంకటరత్నం, ఇంటివాళ్లు ఆ బొమ్మల్ని చెదిరిపోనివ్వలేదు. వెంకటరత్నం బడి నడిపాడు, గ్యాలరీ నిలబెట్టాడు. ఒక చిత్రకారుడి పని చాలామటుకు అతను పుట్టిన ఊళ్ళోనే, ఒకే చోట చూడగలగడం మన రాష్ట్రంలో ఎన్నిచోట్ల ఉంది? రవివర్మ బొమ్మల కోసం మూడు నాలుగు ఊళ్లు తిరగాలి. క్యూరేటర్ అన్న మాట వినకుండానే వెంకటరత్నం చేసిన పని అది. 'సిద్ధార్థ రాగోదయం', 'పుష్పాలంకరణ', 'నందిపూజ' పక్కపక్కన చూస్తే ఒక మనిషి ఎటునుంచి ఎటు నడిచాడో తెలుస్తుంది. వాటిని తలొకరూ కొనుక్కుపోయి ఉంటే మనకి మిగిలేది క్యాలెండరు కాగితమే.

అయితే పీజీలో మమ్మల్ని దండం పెట్టి బయటికి రానివ్వరు. 'ఇక్కడ ఎవరు లేరు?' అని అడగమంటారు. రామారావు భార్య సత్యవాణి బొమ్మలు వేసింది. చెల్లెలు బుచ్చికృష్ణమ్మ వేసింది. వంద ఏళ్ల కిందట ఆంధ్రదేశంలో ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు కుంచె పట్టారంటే చిన్న విషయమా? కానీ మా ఊళ్ళో పదిమందిని అడిగితే వాళ్ల పేర్లు ఒకరికి తెలిస్తే గొప్ప. తెలిసినా 'ఆయన భార్య', 'ఆయన చెల్లెలు'. నా పీజీ ప్రాజెక్టు ఇక్కడే పుట్టింది. కాగితం మీద ఒక ప్రదర్శన. మొదటి గదిలో రామారావు ఆడవాళ్లని వేసిన బొమ్మలు, రెండో గదిలో ఆ ఇంటి ఆడవాళ్లు వేసిన బొమ్మలు. చీటీల మీద బంధుత్వం రాయను, పేరూ ఏడూ రాస్తాను. పాత బొమ్మలు పెట్టి దీన్ని సమకాలీనం అంటావేమిటని ఒక మేడమ్ అడిగారు. బొమ్మ పాతదే, అడిగే మాట ఇవాళ్టిది అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "అయితే మూడో గదిలో బతికున్న మనిషిని పెట్టు" అన్నారు.

మూడో గది కోసం నరసాపురం వెళ్లాను. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ వేల ఇళ్లల్లో ఉంది. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ వీళ్ల మీద 1982లో ఒక పుస్తకమే రాసింది. ప్రపంచ మార్కెట్టుకి సరుకు చేస్తున్న ఈ ఆడవాళ్లని అందరూ 'ఇంట్లో ఖాళీగా ఉండి అల్లుకునేవాళ్లు' అంటారు, కూలీల లెక్కలోకి రానివ్వరు అన్నది ఆవిడ వాదన. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఊరి పేరు భద్రం. అల్లిన మనిషి పేరు?

నా ఆలోచన బ్రహ్మాండంగా ఉందనుకున్నాను. గది మధ్యలో నులకమంచం, నలుగురు ఆడవాళ్లు కూర్చుని అల్లుతుంటారు. అయిన ముక్క అయినట్టు గోడకి, కింద అల్లినావిడ పేరు పెద్దక్షరాల్లో. మధ్యాహ్నం పనులయ్యాక అరుగు మీద కూర్చున్న ఒక పెద్దావిడకి ఇదంతా చెప్పాను. వింటూనే ఉంది, క్రోషియా సూది ఆగలేదు. చివర్న అంది: "పేరు ఏం జేసుకోనమ్మా? దీనికి నాకెంతిచ్చేరో అది రాయి. అమ్మింది ఎంతకో అది కూడా రాయి."

పక్కన కూర్చున్న కోడలు పకపకా నవ్వింది. నేను నోట్సు పుస్తకం మూసేశాను.

పేరు ఇస్తే న్యాయం జరిగిపోయినట్టే అని మా పుస్తకాల్లో చాలావాటి వరస. పేరు కావాల్సింది సత్యవాణికి. ఎందుకంటే ఆవిడ బొమ్మ మీద సంతకం పెట్టే లోకంలోనే పని చేసింది. అరుగు మీద పెద్దావిడకి సంతకం అక్కర్లేదు, లెక్క కావాలి. ఇద్దరికీ ఒకే రకం చీటీ రాయడం నా బద్ధకమే అవుతుంది. చీటీలన్నీ ఒకే సైజులో ఒకే అక్షరాల్లో ఉండాలన్నది గ్యాలరీల మర్యాద. ఆ మర్యాద ఎవరి సౌకర్యం కోసమో అప్పటిదాకా ఆలోచించలేదు. మూడో గది చీటీల్లో మూడు వరసలు పెట్టాను: అల్లడానికి పట్టిన గంటలు, చేతికొచ్చిన కూలి, షాపులో ధర. పేరు రాయాలా వద్దా అన్నది అల్లినావిడ ఇష్టం.

వైవా రోజున ఇది కళా ప్రదర్శనా, కార్మిక శాఖ నోటీసు బోర్డా అని ఒక పరీక్షకుడు అడిగాడు. మంచి ప్రశ్నే. కళ ముందు నిలబడ్డవాడి కళ్లకి ధర అడ్డుపడుతుంది, లేసు అందం చూడనివ్వదు. అందుకని చీటీలు గోడ మీద కాకుండా గది బయటికి వెళ్లే ద్వారం పక్కన వరసగా పెట్టాను. ముందు పనితనం చూడండి, పోతూ పోతూ లెక్క చూడండి. ఈ సర్దుబాటు సరైనదేనా అని నాతో ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు.

డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగం మాట. ఢిల్లీలో కిరణ్ నాడార్ మ్యూజియం, 2023లో తెరిచిన బెంగళూరు మ్యాప్ మ్యూజియం, హైదరాబాదు ప్రైవేటు గ్యాలరీలు మా బోటివాళ్లని తీసుకుంటాయి. మొదటి ఏళ్లల్లో ఎక్కువగా ఈమెయిళ్లు, పార్శిళ్లు, బొమ్మ వచ్చినప్పుడు గీతలూ మరకలూ నమోదు చేసే కండిషన్ రిపోర్టులు. బెంగళూరు ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ లాంటి సంస్థల గ్రాంటులున్నాయి, పోటీ గట్టిది. ఇంజనీరింగు చదివిన అన్నయ్య మొదటి నెల జీతంతో పోల్చుకునేవాళ్లు ఇటు రాకపోవడమే మంచిది.

నా ప్రదర్శన ఇంకా కాగితం మీదే ఉంది. గోదావరి జిల్లాల్లోనే పెట్టాలని మొండిపట్టు పట్టాను. బడ్జెట్టు మూడుసార్లు తిరగరాశాను. ఫ్రేములు మా నాన్నగారు అసలు ధరకే కట్టిస్తానన్నారు, ఆసిడ్ లేని బోర్డుకి డబ్బు వేరే ఇమ్మన్నారు. గ్లాసు రకం తగ్గించాను. కేటలాగు తెలుగులో మాత్రమే వేసి ఇంగ్లీషు కాపీ ఖర్చు తీసేశాను. నలుగురు అల్లికవాళ్లకి ప్రదర్శన నడిచినన్నాళ్లూ ఇచ్చే కూలి అన్నిటికన్నా పెద్ద పద్దు. చూసిన ప్రతివాళ్లూ వేలు పెట్టేదీ దాని మీదే, వీడియో తీసి వేస్తే సరిపోదా అంటారు. ఆ వరస అలాగే ఉంచి, నాలుగో చోటికి పంపాను.