తక్కువ ఖర్చులో మంచి డీవీడీ ప్లేయర్: దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అక్కర్లేదు?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఉద్యోగాల కోసం వచ్చినవారి వారసులు వీరిలో చాలామంది. బడిలో హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు చదివే పిల్లలకు ఇంట్లో తెలుగు వినిపించిన సాధనాల్లో సినిమా డిస్కు ఒకటి. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ వీసీడీలను 28 రూపాయలకు, డీవీడీలను 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టాక డిస్కు కొనడం మామూలు కుటుంబాలకూ భారం కాలేదు. ఆ కాలంలోనే పెళ్లి వీడియోలు కూడా క్యాసెట్ల నుంచి డిస్కులకు మారాయి.

ఇప్పుడు సినిమాలు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. కానీ ఇంట్లో జరిగిన పెళ్లి, గృహప్రవేశం, కాలం చేసిన తాతగారి మాటలు ఏ యాప్‌లోనూ దొరకవు. అవి బీరువాలోని డిస్కుల్లోనే ఉన్నాయి. పాత ప్లేయర్ చెడిపోతే మరొకటి కొనాలి. ఖర్చు మాత్రం మించకూడదు. డిస్కు నుంచి బొమ్మ ఎలా వస్తుందో కొంచెం తెలిస్తే ఈ ఎంపిక తేలికవుతుంది.

పదకొండు ప్లాట్‌ఫారాల పొడవు

డీవీడీ మీద సమాచారం సన్నని గుంటల వరుసగా, లోపలి నుంచి బయటికి చుట్లు చుట్లుగా ఉంటుంది. పక్కపక్క చుట్ల మధ్య దూరం 0.74 మైక్రోమీటర్లు. అంటే 70 మైక్రోమీటర్ల మందమున్న తల వెంట్రుక కింద దాదాపు 95 చుట్లు పడతాయి. ఒక పొరలోని చుట్లన్నీ విప్పి చాపితే పొడవు సుమారు 11.8 కిలోమీటర్లు. ఖరగ్‌పూర్ స్టేషన్‌లోని ప్రసిద్ధమైన పొడవాటి ప్లాట్‌ఫారం 1,072 మీటర్లు. అలాంటివి పదకొండు వరసగా పేర్చినంత దారి అరచేతిలో పట్టే డిస్కులో ఉందన్నమాట.

ఈ దారిని 650 నానోమీటర్ల ఎర్రటి లేజర్ కాంతి చదువుతుంది. తిరుగుతున్న డిస్కు కొద్దిగా పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుకు తగ్గట్టు కటకం ఎప్పటికప్పుడు కదులుతూ కాంతిని సరిగ్గా ఆ చుట్టు మీదే నిలపాలి. లేజరు, కటకం, దాన్ని కదిపే తీగచుట్టలు కలిసిన భాగాన్ని పికప్ అంటారు. చవక ప్లేయరైనా, ఖరీదైనదైనా దాని పనితనం తేలేది ఇక్కడే.

డిస్కులో లేనిది తెర మీదికి రాదు

పెట్టె మీద కనిపించే పెద్ద అక్షరాలు చాలావరకు మరో విషయం చెబుతాయి. మన దేశంలో వాడే పాల్ పద్ధతి డీవీడీలో ఒక్కో బొమ్మకు 720 × 576, అంటే సుమారు 4.15 లక్షల చుక్కలుంటాయి. వీసీడీలో 352 × 288, దాదాపు లక్ష మాత్రమే. ఫుల్ హెచ్‌డీ టీవీ తెర మీద 20.7 లక్షల చుక్కలుంటాయి. మిగిలిన చుక్కలను పక్కవాటిని బట్టి లెక్కకట్టి నింపాల్సిందే. దీన్నే అప్‌స్కేలింగ్ అంటారు. ఈ పని ఫ్లాట్ టీవీ తనంతట తానే చేసుకుంటుంది. ప్లేయర్ చేసినా డిస్కులో లేని వివరం కొత్తగా పుట్టదు. అందుకని ‘1080పీ అప్‌స్కేలింగ్’ అన్న ఒక్క మాట కోసం ఎక్కువ ధర పెట్టనక్కర్లేదు.

5.1 శబ్దం సంగతీ అంతే. ఇంట్లో ఆరు స్పీకర్ల ఏర్పాటు లేకపోతే ఆ సాకెట్లు ఖాళీగానే ఉంటాయి.

చూడాల్సింది టీవీ వెనక ఏ సాకెట్ ఉందో. పాత డబ్బా టీవీకి పసుపు, ఎరుపు, తెలుపు తీగలు చాలు. కొత్త టీవీల్లో కొన్నిటికి ఆ మూడు సాకెట్లు ఉండవు; వాటికి హెచ్‌డీఎంఐ ఉన్న ప్లేయర్ కావాలి. కొనడానికి ముందు టీవీ వెనక భాగాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకెళ్తే సరిపోతుంది.

దుకాణానికి మూడు డిస్కులు తీసుకెళ్లండి

గోల్‌బజార్‌లో కొన్నా, మరెక్కడ కొన్నా దుకాణదారు పెట్టి చూపించే కొత్త డిస్కును బట్టి నిర్ణయించకూడదు. అది ఏ ప్లేయర్‌లోనైనా ఆడుతుంది. ఇంటి నుంచి మూడు డిస్కులు పట్టుకెళ్లడం మంచిది.

ఒకటి, పాత వీసీడీ. సీడీ జాతి డిస్కులకు 780 నానోమీటర్ల పరారుణ లేజర్ వాడతారు. సెకండ్ హ్యాండ్ ప్లేయర్‌లో పాటల సీడీ ఆడినంత మాత్రాన డీవీడీ ఆడుతుందన్న నమ్మకం లేదు. రెండూ వేసి చూడాలి.

రెండు, పెళ్లి వీడియో. ఇది ఫ్యాక్టరీలో అచ్చు వేసినది కాదు, స్టూడియోలో రాసిన డీవీడీ-ఆర్. ఇందులో గుంటలకు బదులు రంగు పొర మీద లేజర్‌తో వేసిన గుర్తులుంటాయి. ఎండ, వేడి, కాలం ఆ రంగును దెబ్బతీస్తాయి. బలహీనమైన పికప్ మొదట తడబడేది ఇలాంటి డిస్కు దగ్గరే.

మూడు, గీతలు పడిన సినిమా డీవీడీ. దోషాలను సరిదిద్దే లెక్క డిస్కులోనే ఉంటుంది కాబట్టి చిన్న గీతలను ప్లేయర్ దాటిపోగలగాలి.

ప్రతి డిస్కునూ మొదటి అయిదు నిమిషాలు చూసి ఊరుకోకుండా చివరి భాగానికి జరిపి చూడాలి. చదవడం లోపలి అంచు నుంచి మొదలవుతుంది. డిస్కు వంగి ఉంటే బయటి అంచు దగ్గర తేడా ఎక్కువ. నిండుగా రాసిన డిస్కులో సినిమా క్లైమాక్స్ దగ్గరే ఆగిపోవడానికి ఇదొక కారణం.

అమెరికా నుంచి బంధువులు పంపిన సినిమా డిస్కులుంటే రీజియన్ సంఖ్య చూసుకోవాలి. భారతదేశానిది 5, అమెరికాది 1. ఇంట్లోనో స్టూడియోలోనో రాసిన డిస్కులకు ఈ అడ్డు లేదు. ప్లేయర్ వెనక ‘100–240 వోల్టులు’ అని ఉంటే కరెంటు హెచ్చుతగ్గులను కొంత బాగా తట్టుకుంటుంది. బిల్లు, వారంటీ కాగితం అడిగి తీసుకోవాలి.

కంప్యూటర్ ఉన్న ఇంటికి మరో దారి

ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే ప్లేయర్‌కు బదులు యూఎస్‌బీతో తగిలించే డీవీడీ డ్రైవ్ కొనవచ్చు. దానితో చూడవచ్చు, సొంత వీడియోలను కాపీ కూడా చేసుకోవచ్చు. ఒక పొర డీవీడీలో పట్టేది 4.7 గిగాబైట్లు. 64 గిగాబైట్ల పెన్‌డ్రైవ్‌లో నిండు డిస్కులు పన్నెండు దాకా సర్దవచ్చు. ల్యాప్‌టాప్ లేని ఇంట్లో పెద్దవాళ్లు రిమోట్‌తో చూసుకోవాలంటే ప్లేయరే నయం.

ఏది కొన్నా డిస్కుల సంరక్షణ మరవకూడదు. డిస్కులను నిలువుగా, ఎండ, తేమ తగలని చోట పెట్టాలి. తుడిచేటప్పుడు మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత చుట్టు వెంటే సాగి ఎక్కువ సమాచారాన్ని పోగొడుతుంది. వీసీడీలో సమాచారపు పొర లేబుల్ కిందే ఉంటుంది, కాబట్టి దాని పైవైపు గీత పడితే మరీ ప్రమాదం.

ప్లేయర్ పోతే మరొకటి కొనవచ్చు. పెళ్లి డిస్కు మీది రంగు పొర చెడితే మళ్లీ తెచ్చుకోలేం. కాబట్టి డిస్కులు ఆడుతున్నప్పుడే సొంత వీడియోలను కాపీ చేయించి, ఒకటి ఇంట్లోనూ మరొకటి బంధువుల ఇంట్లోనూ ఉంచుకోవాలి. పెద్ద ప్లేయర్ కొనకుండా మిగిలిన డబ్బును ఈ పనికి వాడుకోవచ్చు.