మన నంబరు, పరుని గొంతు

నిజామాబాదు ఖలీల్‌వాడిలోనో, బోధను శక్కర్‌నగరులోనో, ల్యాండ్‌లైనును నేటికిని తీసివేయక నిలుపుకొన్న ఒక యింటికి మధ్యాహ్నవేళ అపరిచితులు ఒకరివెంట నొకరు ఫోను చేసి, ‘ఇప్పుడే మీ నంబరు నుంచి ఫోనొచ్చింది, కార్డు బందయిందన్నరు, అసలు మీరెవరు?’ అని గద్దించుటయు, ఆ యింటి పెద్దాయన ‘పొద్దటి సంది మేం ఫోనే ముట్టలేదు బిడ్డా’ అని చెప్పుకొనుటయు, ఆ మాట వారు నమ్మకపోవుటయు సంభవించినచో, అందు ఇరుపక్షములవారును సత్యమే పలుకుచున్నారని మొదట గ్రహింపవలెను. ఆ నంబరు వారి తెరపై నిజముగనే కనబడినది; ఆ యింటినుండి ఫోను నిజముగనే పోలేదు. నడుమ మూడవవాడెవడో ఆ నంబరును తనదిగా చెప్పుకొని మాటాడినాడు. కాలర్ ఐడీ స్పూఫింగు అనబడు మోసమిదియే.

ఇది సాధ్యమగుటకు హేతువు టెలిఫోను నిర్మాణమునందే కలదు. పూర్వపు స్ట్రౌజరు ఎక్స్ఛేంజీలలో గంట మోగుటయే గాని, మోగించిన దెవరో తెలుపు మార్గము లేకుండెను. 1970వ దశకమున అమెరికాలో రూపుదాల్చి, 1980 నుండి అంతర్జాతీయ ప్రమాణముగా వ్యాపించిన సిగ్నలింగ్ సిస్టమ్ 7 అను ఏర్పాటులో మాట నడచు త్రోవ వేరు, ఆ మాటను గూర్చిన సమాచారము నడచు త్రోవ వేరు. గంట మోగుటకు ముందే ఎక్స్ఛేంజినుండి ఎక్స్ఛేంజికి ఒక సందేశము పోవును. పిలువబడువాని నంబరును, పిలుచువాని నంబరును అందుండును. మొదటిది తప్పినచో ఫోను చేరవలసినచోటికి చేరదు. రెండవది తప్పినను నిరాటంకముగా చేరును. మోసగాని విద్య యంతయు ఈ భేదమునందే యిమిడియున్నది.

1937లో స్థాపితమై 2015 డిసెంబరులో మూతబడిన బోధను నిజాం షుగర్ ఫ్యాక్టరీ వంటి కర్మాగారమున చెరకు బండి కాటామీద నిలిచినప్పుడు, గుమాస్తా బరువును తానే తూచి చూచుకొనును గాని, చెరకు ఎవని చేనిదో తెలియుటకు చీటీలోని పేరునే నమ్మవలసినవాడై యుండును. టెలిఫోను వ్యవస్థ పిలుచువాని నంబరును గ్రహించు తీరు నట్టిదే. సామాన్య గృహస్థుని లైనులో ఆ నంబరును ఎక్స్ఛేంజియే వ్రాయును గనుక అబద్ధమునకు తావులేదు. ముప్పది మంది ఏకకాలమున మాటాడుటకు వీలైన పీఆర్ఐ లైనును తీసికొన్న కార్యాలయములో మాత్రము నంబరును వారి యంత్రమే పంపును. అది వారికి కేటాయించిన నంబరగునో కాదో ఎక్స్ఛేంజి సరిచూడవలెను. ఇంటర్నెట్టు మీది ఫోనులో ఈ నంబరు కేవలము ఒక అక్షరపంక్తి. ఎవడేమి వ్రాసిన అదియే సాగిపోవును. విచిత్రమేమనగా, ఈ నంబరును చందాదారుడు చెప్పినాడా, నెట్‌వర్కు తానే నిర్ణయించినదా అని తెలుపు రెండు బిట్ల గుర్తొకటి ఆ సందేశమునందే కలదు. మన తెరమీదికి మాత్రము అది యెన్నడును రాదు. ఈ ఏర్పాటు పుట్టిననాడు టెలిఫోను సంస్థలు కొలదిగా నుండి, ఒకదాని మాట నొకటి శంకింపకుండెను. నేడు నెట్‌వర్కులో ప్రవేశించు ద్వారములు వేలకొలది. నాటి విశ్వాసము మాత్రము అట్లే నిలిచియున్నది.

మోసగాడు మారుమూల యింటి నంబరును ఎన్నుకొనుటకు కారణము స్పష్టము. నిజామాబాదు కోడు 08462, బోధను కోడు 08467. ఆ యంకెలు చూచినవాడు ‘మన దిక్కు నంబరే’ అని ఫోనెత్తును. సున్న తీసివేసినచో పది యంకెల నంబరై, మొబైలు నంబరువలెనే కనబడును.

ఇచట ల్యాండ్‌లైనున కొక విశేషబలము కలదు. మొబైలు నంబరు దాని యజమాని వెంట దుబాయికో మస్కటుకో పోగలదు గనుక, విదేశమునుండి భారతీయ మొబైలు నంబరుతో వచ్చు కాలు నిజమే కావచ్చును. ల్యాండ్‌లైను బోధనును విడిచి ఎచ్చటికిని పోజాలదు. 08467తో సముద్రము దాటివచ్చిన కాలు, ఇక విచారణ యక్కరలేకయే, అబద్ధము. అందుచేతనే ల్యాండ్‌లైను నంబర్లతో వచ్చు విదేశీ కాల్స్‌ను మన కంపెనీలు టెలికాం శాఖ ఆదేశముచే ముందుగా ఆపివేసినవి. మొబైలు నంబర్ల కొరకు, యజమాని నిజముగా విదేశమున నున్నాడా యని విచారించు కేంద్రవ్యవస్థ 2024 అక్టోబరు 22న ప్రారంభమైనది. మొదటి 24 గంటలలోనే భారతీయ నంబర్లతో వచ్చిన విదేశీ కాల్స్‌లో నూటికి 90, అనగా 1.35 కోట్లు, నకిలీవని తేలి ఆగిపోయినవి. గల్ఫ్ దేశములలో పనిచేయు బిడ్డలు గల నిజామాబాదు ప్రాంతపు గృహములకు ఈ లెక్క ఊరకే చదివి విడుచునది కాదు. దేశములోపలనే పుట్టు నకిలీ నంబరును మాత్రము ఈ వ్యవస్థ పట్టజాలదు.

మోసమునకు ఎంత పెద్ద సంస్థ నంబరైనను అతీతము కాదు. 2018 మార్చిలో వాషింగ్టనులోని భారత రాయబార కార్యాలయము, తన నంబర్లనే చూపుచు కొందరు భారతీయుల వద్ద వివరములును ధనమును లాగుచున్నారని ప్రకటన చేయవలసివచ్చెను. అమెరికాలోని తెలుగు విద్యార్థులు పాస్‌పోర్టు, వీసా అనగానే సహజముగా భయపడుదురు గదా.

ఇక గృహస్థుడేమి చేయవలెను? నంబరు మార్చుకొనుటకు తొందరపడరాదు. ముప్పది యేండ్లుగా చుట్టములకు కంఠస్థమైన నంబరును ఒక దొంగకొరకు పోగొట్టుకొనుట నష్టమే గాని రక్ష కాదు, ఆ దొంగ రేపు మరియొక నంబరును పట్టును. ఎదురు ఫోనులు చేసినవారితో కలహింపక, ‘మా నంబరు దొంగలు వాడుకొంటున్నరు, పైసలు పోతే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి చెప్పండి’ అని చెప్పిన చాలును. ఆ కాల్స్ వచ్చిన తేదీని, వేళను ఒక పుస్తకమున వ్రాసికొని, ఆ సమయమున తన లైనునుండి బయటికి కాల్స్ పోయినవా లేదా అని టెలిఫోను కార్యాలయమును వ్రాతపూర్వకముగా అడిగి, రసీదు పుచ్చుకొనవలెను. ఎక్స్ఛేంజి రికార్డులో కాలు లేకున్నచో అదియే నిర్దోషిత్వమునకు ఆధారము. ఉన్నచో, అది స్పూఫింగు కాదు. స్తంభముమీది డీపీ బాక్సు వద్ద ఎవడో తీగ తగిలించినాడన్నమాట, దానిని లైన్‌మన్‌కు చూపవలెను. టెలికాం శాఖవారి సంచార్ సాథీ పోర్టలులోని చక్షు అను విభాగమున అనుమానాస్పదమైన కాల్స్ గూర్చి తెలుపవచ్చును. 2023 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టము ప్రకారము ఇట్లు గుర్తింపు నంబర్లను తారుమారు చేసినవానికి మూడేండ్ల వరకు కారాగారమో, 50 లక్షల రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును.

ఎదుటినుండి ఫోను చేసినది నిజముగా బ్యాంకేనా యని సందేహము కలిగినప్పుడు, ఫోను పెట్టివేసి, పాసుపుస్తకముపై నున్న నంబరును తానే త్రిప్పుట మేలు. నకిలీ నంబరుతో ఫోను చేయుట సులభమే గాని, తిరుగు కాలును తనవైపు లాగుకొనుట ఆ మాయకు చేతకాదు. ఆ కాలు నంబరు అసలు యజమానికే చేరును.

ఫోను చేయువాని పేరుకూడ తెరపై చూపవలెనని 2024 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసు చేసినది. ఆ పేరు చందాదారుల జాబితానుండి నంబరు ఆధారముగనే వచ్చును. కావున నంబరు నకిలీదై, ఎచ్చటను పట్టుబడక సాగివచ్చినచో, తెరపై కనబడు పేరు దొంగది గాక, శక్కర్‌నగరులోని ఆ పెద్దాయనదే యగును.