రిటుక్సిమాబ్

రిటుక్సిమాబ్ ప్రయోగశాలలో తయారయ్యే మోనోక్లోనల్ యాంటీబాడీ, అంటే ఒకే లక్ష్యాన్ని పట్టుకునే ప్రొటీన్; దీన్ని రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (కీళ్లవాతం) చికిత్సలోనూ వాడతారు. ఈ జబ్బులో శరీర రక్షణ వ్యవస్థ సొంత కీళ్ల మీదే దాడికి దిగుతుంది. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి గంట గడిచినా పిడికిలి బిగించడం కుదరదు. ఈ దాడిలో పాలుపంచుకునే బి కణాలనే రక్షణ కణాల పైన సీడీ20 అనే ప్రొటీన్ ఉంటుంది. మందు దాన్ని పట్టుకుని ఆ కణాలను నాశనం చేస్తుంది. నిజానికి ఇది క్యాన్సర్ మందు. 1997లో అమెరికాలో లింఫోమా అనే క్యాన్సర్‌కు అనుమతి పొందింది, కీళ్లవాతానికి 2006లో. కీళ్లవాతంలో మెథోట్రెక్సేట్, టీఎన్ఎఫ్ నిరోధకాలు వంటి మందులు పనిచేయనివారికే సాధారణంగా ఇస్తారు.

కీళ్లవాతానికి రెండు వారాల తేడాతో 1,000 మిల్లీగ్రాముల చొప్పున రెండు డోసులు సెలైన్‌లో కలిపి నరంలోకి ఎక్కిస్తారు. అరగంట ముందు స్టెరాయిడ్ ఇంజక్షన్, దాంతోపాటు పారాసిటమాల్, అలర్జీ మందు పడతాయి. తొలి డోసును చాలా నెమ్మదిగా మొదలుపెట్టి, చలిజ్వరం, దద్దుర్లు, బీపీ చూసుకుంటూ వేగం పెంచుతారు. నాలుగు గంటలు దాటుతుంది. ఇంతా చేస్తే గుణం తెలియడానికి వారాలు పడుతుంది. హెపటైటిస్-బి పరీక్ష ముందే తప్పనిసరి: దాగి ఉన్న వైరస్ తిరగబెడితే కాలేయానికే ముప్పు. వేయాల్సిన టీకాలూ ముందే వేయించాలి, తర్వాత అవి అంతగా పనిచేయవు. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లో దీని బయోసిమిలర్‌ను (మూల మందును పోలిన మందును) రెడిటక్స్ పేరుతో, మూల మందు కంటే తక్కువ ధరకు తెచ్చింది.